వేడెక్కినా మారని తీగ

ఇంటర్మీడియట్‌లో మీటర్ బ్రిడ్జి పట్టని సైన్సు విద్యార్థి ఉండడు. చెక్కపలక మీద మీటరు పొడవున బిగించిన సన్నటి తీగ, పక్కన రెసిస్టెన్స్ బాక్స్, గాల్వనామీటరు. జాకీని తీగ మీద ఆనిస్తూ పోయి, ముల్లు సున్నా దగ్గర నిలిచే చోటు పట్టుకోవాలి. ఇలాంటి ప్రయోగశాల పరికరాల తయారీకి మన వైపు పేరు తెచ్చింది బందరు. ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1926లో ఇక్కడే పుట్టింది. 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ చేతికి వెళ్లింది.

మీటర్ బ్రిడ్జి తీగ గానీ, రెసిస్టెన్స్ బాక్స్‌లోని చుట్లు గానీ రాగివి కావు. రాగి నిరోధం ఒక్కో డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది. జనవరి ఉదయానికీ మే మధ్యాహ్నానికీ ఇరవై డిగ్రీల తేడా ఉందనుకుంటే, రాగి చుట్లున్న బాక్స్‌తో తీసే కొలతలో 8 శాతం తప్పు వస్తుంది. ఈ చిక్కును తీర్చినవాడు ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఎడ్వర్డ్ వెస్టన్. విద్యుత్ మీటర్లు తయారుచేసే ఆయన 1880ల చివర్లో రాగి-నికెల్ కలిపి కాన్‌స్టాంటన్‌ను, రాగి-మాంగనీసు-నికెల్ కలిపి మాంగనిన్‌ను సాధించాడు. వేడి మారినా వీటి నిరోధం దాదాపు కదలదు. 1906లో ఆల్బర్ట్ మార్ష్ నికెల్-క్రోమియం మిశ్రమానికి అమెరికాలో పేటెంటు పొందాడు. అదే మన ఇళ్లలో హీటరు కాయిల్‌గా ఎర్రగా కాలే నిక్రోమ్.

ఇవన్నీ పనిచేస్తున్నాయి సరే, ఎందుకు పనిచేస్తున్నాయి? జవాబు రావడానికి చాలా కాలం పట్టింది.

మొదటి మెట్టు 1860ల నాటిది. లోహ నిరోధంలో రెండు పాళ్లున్నాయని మాతీసన్ గమనించాడు. ఒకటి కల్తీ పరమాణువుల వల్ల వచ్చేది, వేడితో మారదు. రెండోది వేడితో పెరిగేది. 1928లో ఫెలిక్స్ బ్లాక్ క్వాంటం సిద్ధాంతంతో ఆ రెండో పాలుకు కారణం చూపాడు. స్ఫటికంలో పరమాణువులు పద్ధతిగా నిలబడి ఉంటే ఎలక్ట్రాన్లు సాఫీగా సాగిపోతాయి. వేడికి పరమాణువులు కంపించే కొద్దీ ఎలక్ట్రాన్ల దారి చెదురుతుంది. ఆ లెక్కన వేడి పెరిగే కొద్దీ నిరోధం తిన్నగా పెరుగుతూనే పోవాలి.

కానీ హద్దు ఉంది. 1960లో సోవియట్ శాస్త్రవేత్తలు ఇయోఫె, రెగెల్ దాన్ని సూచించారు. మాఘ పౌర్ణమినాడు హంసలదీవి సాగర సంగమం దగ్గర నడిచేవాడు అడుగడుక్కీ ఎవరికో ఒకరికి తగులుతాడు. జనం ఎంత కిక్కిరిసినా, రెండు తాకిడుల మధ్య దూరం పక్క మనిషికి ఉన్న దూరం కంటే తగ్గదు. ఎలక్ట్రాన్ సంగతీ అంతే. ఒక తాకిడికీ మరో తాకిడికీ మధ్య దూరం రెండు పరమాణువుల మధ్య ఎడం దాకా కుదించుకుపోతే, ఇక తగ్గడానికి చోటు లేదు. నిరోధం పెరగడం అక్కడ నెమ్మదిస్తుంది.

రాగి ఆ హద్దుకు చాలా దూరం. గది వేడిమిలో దాని ఎలక్ట్రాన్ సగటున 40 నానోమీటర్లు, అంటే నూటయాభై పరమాణువుల దూరం, నిరాటంకంగా సాగుతుంది. 1085 డిగ్రీల దగ్గర రాగి కరిగిపోయే ముందు కూడా ఇరవై పరమాణువులకు పైగా దూరం మిగిలే ఉంటుంది. నిక్రోమ్‌లో నికెల్, క్రోమియం పరమాణువులు కలగాపులగంగా ఉండటం వల్ల ఎలక్ట్రాన్ దారి చల్లగా ఉన్నప్పుడే చెదిరి ఉంటుంది. దాని విశిష్ట నిరోధం రాగికి అరవై రెట్లకు పైనే. వేడి కొత్తగా చెదరగొట్టడానికి పెద్దగా ఏమీ మిగలదు. కాన్‌స్టాంటన్, మాంగనిన్‌లలో ఆయా లోహాల సొంత గుణాలూ దీనికి తోడవుతాయి.

1973లో డచ్ శాస్త్రవేత్త మోయ్ ఎన్నో మిశ్రమాల కొలతలను ఒకచోట చేర్చాడు. విశిష్ట నిరోధం సుమారు 150 మైక్రో ఓమ్ సెంటీమీటర్లకు చేరేసరికి వేడి ప్రభావం సున్నాకు దిగుతోంది, అది దాటితే నిరోధం వేడికి తగ్గుతోంది కూడా. 1976లో ఫిస్క్, వెబ్ కొన్ని అతివాహక సమ్మేళనాలను బాగా వేడిచేసి, నిరోధపు గీత పైకి పోతూ పోతూ వంగిపోవడాన్ని చూపించారు. అతివాహకాలైన కొన్ని రాగి ఆక్సైడ్లూ, ఫుల్లరీన్ సమ్మేళనాలూ మాత్రం ఈ హద్దును దాటేశాయి. 1995లో ఎమెరీ, కివెల్సన్ అలాంటివాటిని ‘చెడ్డ లోహాలు’ అన్నారు. అవి ఎందుకు ఆగవన్నది నేటికీ పరిశోధన విషయమే.

బందరులోనైనా, గుడివాడలోనైనా, అవనిగడ్డలోనైనా మీటర్ బ్రిడ్జి పాఠం చెప్పే రోజున మాస్టార్లు ఒక పని చేయాలి. ప్లగ్గులో పెట్టని 100 వాట్ల ఫిలమెంట్ బల్బునూ, 1000 వాట్ల హీటరునూ మల్టీమీటరుతో కొలిపించాలి. 230 వోల్టుల లెక్కన, వెలిగే బల్బు నిరోధం 529 ఓమ్‌లు. చల్లగా ఉన్నప్పుడు మీటరు చూపేది అందులో పదో వంతు కూడా ఉండదు. హీటరుకు లెక్క ప్రకారం 53 ఓమ్‌లు, మీటరులో కూడా కాస్త అటూ ఇటుగా అంతే. ఈ తేడా ఎందుకని పిల్లలు అడగాలి. పరికరం తయారుచేసే చేయి ముందు నడిచిందనీ, సూత్రం ఎనభై ఏళ్లు వెనకగా వచ్చిందనీ, మిగిలిన జవాబు తమలో ఎవరైనా వెతకవచ్చనీ వాళ్లకు చెప్పాలి.