ఎడారిలో ఇల్లు, ఇంటి వెనక కాలవ



ఆరిజోనాలో ఇల్లు కొనబోయే మనవాళ్ళు సాధారణంగా నాలుగు ప్రశ్నలు అడుగుతారు. స్కూలు ఎలాంటిది, ఆఫీసు ఎంత దూరం, వడ్డీ ఎంత, ఇల్లు తూర్పు ముఖమేనా. ఇరవై ఏళ్ళ క్రితం నేనూ ఆ నాలుగే అడిగాను. ఐదోది మా నాన్నగారు అడిగారు.

అది 2005 వేసవి. ఫీనిక్స్ పక్కనున్న గిల్బర్ట్‌లో కొత్త కాలనీ చూడటానికి వెళ్ళాం. బయట 110 డిగ్రీల ఎండ. ఏజెంటు వంటింట్లో గ్రానైటు, మూడు కార్ల గరాజు చూపిస్తోంది. నాన్నగారు అవేవీ పట్టించుకోకుండా పెరట్లోకెళ్ళి గోడ అవతలికి చూస్తూ, "ఒరేయ్, ఇక్కడికి నీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయి?" అన్నారు. ఆయన నాగార్జునసాగర్ కుడికాలవ చివరి భూముల రైతు. పైవాళ్ళు తూములు ఎత్తేసుకుంటే కింది చేలు ఎండిపోవడం జీవితమంతా చూసినవారు. "కుళాయిలోంచి నాన్నా" అని నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు. ఏజెంటుకీ జవాబు తెలియలేదు. తర్వాత లైబ్రరీలో కూర్చుని నేనే వెతుక్కున్నాను. అలా తెలుసుకున్న కథే ఇవాళ చెప్పబోతున్నాను.

ఈ లోయలో మొదట కాలవలు తవ్వినవాళ్ళు హోహోకమ్ ప్రజలు. సుమారు క్రీ.శ. 1450 దాకా, ఒక వెయ్యేళ్ళపాటు, పశువుల సాయం కూడా లేకుండా సాల్ట్ నది నించి వందల మైళ్ళ కాలవలు తవ్వి మొక్కజొన్న, పత్తి పండించారు. తర్వాత వాళ్ళ ఊళ్ళు ఖాళీ అయ్యాయి. 1867లో జాక్ స్విల్లింగ్ అనే ఆయన ఒక కంపెనీ పెట్టి ఆ పూడిపోయిన కాలవల దారిలోనే మళ్ళీ తవ్వించాడు. పాత నాగరికత బూడిదలోంచి లేచిన ఊరు కాబట్టి ఫీనిక్స్ అని పేరు పెట్టారంటారు.

అయితే నదిని నమ్ముకోవడం కష్టమయింది. ఒక ఏడు వరద, ఇంకో ఏడు ఇసుక. 1902లో అమెరికా ప్రభుత్వం ఆనకట్టలకి అప్పులిచ్చే చట్టం చేసింది. 1903లో ఇక్కడి రైతులు సంఘంగా ఏర్పడి, రెండు లక్షల ఎకరాలకి పైగా తమ సొంత భూమిని ఆ అప్పుకి తనఖా పెట్టారు. అలా కట్టిందే రూజ్‌వెల్ట్ డ్యామ్. 1911 మార్చి 18న థియొడోర్ రూజ్‌వెల్టే వచ్చి ప్రారంభించాడు. వాస్తు చూసేవాళ్ళు ఈశాన్యాన నీళ్ళుండాలంటారు కదా, ఫీనిక్స్‌కి నిజంగానే నీళ్ళు ఆ వైపు కొండల్లోంచే వస్తాయి!

ఇక్కడ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ నీటి హక్కు తనఖా పెట్టిన భూమిది. భూమి చేతులు మారినా హక్కు భూమితోనే ఉంటుంది. 1903 నాటి ఆ హద్దు ఇవాళ్టికీ చెల్లుతుంది. గిల్బర్ట్, చాండ్లర్ ఊళ్ళలో కొంత భాగం ఆ హద్దు లోపలుంది, కొంత బయటుంది. చాండ్లర్ ఊరికి పేరిచ్చిన అలెగ్జాండర్ జాన్ చాండ్లర్ పశువుల డాక్టరు. 1891లో కాలవల కంపెనీ పెట్టి, 1912లో తన పొలాలని ప్లాట్లు వేసి అమ్మాడు. ఆయన కంపెనీ కన్సాలిడేటెడ్ కెనాల్ గట్టు మీదే ఇవాళ మనవాళ్ళు సాయంత్రం నడకకి వెళ్తున్నారు.

1980లో రెండు సంగతులు జరిగాయి. ఇంటెల్ చాండ్లర్‌లో ఫ్యాక్టరీ తెరిచింది. అదే ఏడు ఆరిజోనా భూగర్భజలాల చట్టం చేసింది. ఫీనిక్స్ లాంటి ప్రాంతాల్లో కొత్త కాలనీ వెయ్యాలంటే వందేళ్ళకి సరిపడా నీళ్ళున్నాయని చూపించాలి. ఆ తర్వాత కొలరాడో నది నించి 336 మైళ్ళ కాలవ పూర్తయింది. 1980లో ఆరువేలకి లోపున్న గిల్బర్ట్ జనాభా 2020కి 2 లక్షల 67 వేలు దాటింది.

అంతమందికి నీళ్ళెలా సరిపోయాయి? ఈ ఇళ్ళు చాలావరకు పత్తి చేల మీద, ఆల్ఫాల్ఫా గడ్డి పొలాల మీద లేచినవి. ఎకరం గడ్డి తాగే నీళ్ళకన్నా ఆ ఎకరంలో లేచిన ఇళ్ళు వాడేవి తక్కువే. చేను పోయి ఇళ్ళొస్తే ఆ చేని నీళ్ళు ఇళ్ళకొస్తాయి. కానీ లోయ అంచుల్లో ఎన్నడూ నాగలి పడని ఎడారి నేల మీద లేచే ఇళ్ళ సంగతి వేరు. బయటికి రెండు ఇళ్ళూ ఒకటే రంగు, ఒకటే పెంకు. కింది చరిత్ర మాత్రం వేరు.

2022లో మా మేనల్లుడు అలాంటి అంచున ఎకరం స్థలంలో ఇల్లు చూసి అడ్వాన్సు కట్టేశాడు. ధర తక్కువ, పన్ను తక్కువ. నీళ్ళు ట్యాంకర్లో వస్తాయన్నారు. ఇక్కడ ఆరు, అంతకన్నా ఎక్కువ ప్లాట్లు వేస్తేనే వందేళ్ళ నీటి నిబంధన వర్తిస్తుంది. అయిదుకి మించకుండా ముక్కలు చేస్తే వర్తించదు. ఆ స్థలం అలా కోసిందే. వద్దన్నాను. అడ్వాన్సు పోయింది, కొన్నాళ్ళు నాతో మాటలూ పోయాయి.

2023 జనవరి 1న స్కాట్స్‌డేల్ నగరం తన హద్దు బయటున్న రియో వెర్డే ఫుట్‌హిల్స్‌కి ట్యాంకర్ల నీళ్ళు ఆపింది. కొన్ని కుటుంబాలు వాననీళ్ళు పట్టుకున్నాయి. అంతకు ముందే, 2022లో, కొలరాడో నీళ్ళలో ఆరిజోనాకి సుమారు 22 టి.ఎం.సి.లు కోత పడింది. 2023 జూన్ 1న, బోరునీటి మీదే ఆధారపడే కొత్త కాలనీలకి ఫీనిక్స్ ప్రాంతంలో అనుమతులివ్వబోమని గవర్నర్ కేటీ హాబ్స్ ప్రకటించారు. 2025లో, బోరునీటి సాగు మానేసిన పొలాల హక్కులో కొంత కొత్త ఇళ్ళకి మళ్ళించేలా చట్టం వచ్చింది. మళ్ళీ కథ చేని దగ్గరికే వచ్చింది.

నా ఇల్లు పాత గడ్డి పొలం మీద, 1903 హద్దు లోపల పడింది. అది నా తెలివి కాదు, అదృష్టం.

ఇదంతా చదివి నాన్నగారికి చెప్పినప్పుడు ఆయన ఇంకో ప్రశ్న వేశారు. "మరి ఆ మొదటివాళ్ళ పిల్లలేమయ్యారు?" చాండ్లర్‌కి ఆనుకునే గిలా రివర్ రిజర్వేషన్ ఉంది. అక్కడి అకిమెల్ ఓఓధమ్, అంటే నది మనుషులు, హోహోకమ్‌లు తమ పూర్వీకులంటారు. 1870ల నించి ఎగువన వలస రైతులు గిలా నది నీళ్ళు మళ్ళించేయడంతో, గోధుమలు అమ్మిన ఆ రైతులు ఆకలితో చనిపోయారు. 2004 చట్టంతో ఏడాదికి 28 టి.ఎం.సి.ల హక్కు తిరిగి దక్కింది. అందులో కొంత ఇప్పుడు నగరాలకే లీజుకిస్తున్నారు.

"వాళ్ళది గిలా నీళ్ళు నాన్నా, మనది సాల్ట్ నది" అని వివరించబోయాను.

"పైనున్న ప్రతివాడూ ఇలాంటి లెక్కే చెప్తాడ్రా" అన్నారాయన.

నేను మారు మాట్లాడలేదు. అంచేత ఇల్లు కొనేవాళ్ళకి నా మనవి. కొత్త కాలనీ అయితే రాష్ట్ర రియల్ ఎస్టేట్ శాఖ ఇచ్చే పబ్లిక్ రిపోర్టు అడగండి, నీళ్ళెక్కడివో అందులో ఉంటుంది. అసలు రిపోర్టే లేదంటే, ఎందుకు లేదో తెలుసుకున్నాకే అడ్వాన్సు కట్టండి. కొన్నాక ఒక్కసారైనా పిల్లల్ని కాలవ గట్టు మీదికి తీసుకెళ్ళి, అది ఎవరు తవ్విన దారో చెప్పండి.