చీనా పళ్లెం నుంచి ఎగ్ రైస్ బండి దాకా

చైనా వంట మన దగ్గరికి రావడానికి కొన్ని వందల ఏళ్ల ముందే చైనా పళ్లెం వచ్చింది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో లేత ఆకుపచ్చ పింగాణీ పాత్రలు కనిపిస్తాయి. విషం కలిపిన అన్నం వడ్డిస్తే ఆ పళ్లెం పగులుతుందని, కాకుంటే రంగు మారుతుందని పూర్వం పాలకులు నమ్మేవారు. అందుకే అంత దూరం నుంచి సముద్రాల మీదుగా తెప్పించుకున్నారు. అందులో వడ్డించుకున్నది మాత్రం మన పులావు, మన కుర్మాలే.

రాకపోకలకు కొదవ లేదు. 7వ శతాబ్దంలో చైనా బౌద్ధ యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ ధాన్యకటకం దాకా వచ్చి కొన్ని నెలలు ఉండి చదువుకున్నాడు. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవుకు వచ్చే విదేశీ వర్తకులకు అభయశాసనం వేయించాడు. ఇటు జపాన్ సంగతి చూస్తే, 1922లో నిజాం ప్రభుత్వ విద్యాశాఖ పెద్ద రాస్ మసూద్ అక్కడికి వెళ్లి, ఆ దేశం సొంత భాషలో చదువు చెప్పుకుని ఎలా ఎదిగిందో చూసి పుస్తకమే రాశాడు. పట్టు వచ్చింది, పింగాణీ వచ్చింది, చదువుల నమూనా వచ్చింది. వంట రావాలంటే వండే మనిషి రావాలి. ఆ మనిషి మనకు కలకత్తా మీదుగా వచ్చాడు.

18వ శతాబ్దం చివర టాంగ్ అచ్యూ అనే చైనా వర్తకుడు కలకత్తా దగ్గర హుగ్లీ ఒడ్డున చక్కెర మిల్లు పెట్టాడు. వారన్ హేస్టింగ్స్ భూమి ఇచ్చాడు. ఆ ఊరు ఇప్పటికీ అచ్చీపూర్. తర్వాత చైనా నుంచి వచ్చిన హక్కా జనం కలకత్తాలోని తాంగ్రాలో తోళ్ల పని చేశారు, చెప్పులు కుట్టారు. కాంటనీయులు వడ్రంగం పట్టారు, హోటళ్లు తెరిచారు. ఇంటి వంటలో బెంగాలీల నోటికి తగ్గట్టు పచ్చిమిర్చి, వెల్లుల్లి పెంచారు. ఇవాళ మన దేశమంతా తినే చైనీస్ వంటకు పునాది అక్కడ పడింది.

చైనాతో 1962లో జరిగిన యుద్ధం ఆ జనాన్ని చెదరగొట్టింది. మన దేశంలోనే పుట్టి పెరిగిన చైనా కుటుంబాలను, దాదాపు మూడు వేల మందిని, రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరంలో నిర్బంధించారు. ఏ నేరం చేయని పిల్లలు, ముసలివాళ్లు ముళ్లకంచె వెనక ఏళ్లు గడిపారు. విడుదలయ్యాక ఇళ్లూ దుకాణాలూ మిగలక కొందరు కెనడా దారి పట్టారు. ఫ్రైడ్ రైస్ చరిత్ర రాసేవాళ్లు ఈ పేజీని తిప్పేసి ముందుకు పోకూడదు. మనం లొట్టలేసుకుని తినే తిండి వెనక, మనమే అనుమానించి బాధపెట్టిన మనుషులున్నారు.

1973లో బొంబాయి తాజ్ హోటల్ గోల్డెన్ డ్రాగన్ తెరిచి సిచువాన్ కారాన్ని ధనికులకు పరిచయం చేసింది. కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్బులో అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించి, సోయా సాస్, కార్న్‌ఫ్లోర్‌తో చికెన్ మంచూరియా చేశాడని చెబుతారు. చైనాలోని మంచూరియాలో ఈ వంట లేదు. మన జంటనగరాల్లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని నాన్‌కింగ్ పాతతరానికి బాగా తెలిసిన పేరు. జీతం వచ్చిన వారం కుటుంబంతో వెళ్లి, కార్న్ సూప్ తాగి, నూడుల్స్ ఫోర్కుతో చుట్టడం నేర్చుకునే చోటు అది. పేదవాడు ఆ గుమ్మం ఎక్కలేదు.

గుమ్మం ఎక్కలేనివాడి దగ్గరికి ఆ రుచిని చేర్చిన వాటిలో రెండు జపాన్‌లో పుట్టినవి. టోక్యో ప్రొఫెసర్ ఇకెడా కికునాయె సముద్రపు నాచు చారులోని రుచికి మూలమేమిటో 1908లో తేల్చాడు. మరుసటి ఏడాదే అది అజినమోటోగా బజారుకొచ్చింది. మన బండ్ల మీద దాని పేరు టేస్టింగ్ సాల్ట్. రెండోది, 1958లో ఒసాకా ప్రాంతంలో మోమోఫుకు ఆండో కనిపెట్టిన ఇన్‌స్టంట్ నూడుల్స్. ఆండో పుట్టింది తైవాన్‌లో. ఆ పద్ధతినే పట్టుకుని 1983లో మన దేశంలోకి మ్యాగీ దిగింది. నూడుల్స్ అంటే పురుగుల్లా ఉంటాయని ముఖం తిప్పుకున్న అమ్మమ్మల ఇళ్లలోనే పిల్లలు బడి నుంచి రాగానే అవి అడగడం మొదలైంది. ఆ పిల్లలే పెద్దయి బండి దగ్గర నిలబడ్డారు.

ఆ తర్వాత తెలుగు ఊళ్లలో ఫాస్ట్‌ఫుడ్ సెంటర్ పుట్టుకొచ్చింది. ఎర్ర అక్షరాల బోర్డు, పెద్ద మంట బర్నర్, నల్లబడ్డ కడాయి, ముందే వండి ఆరబెట్టిన అన్నం, తరిగిన క్యాబేజీ, క్యారెట్, సీసాల్లో సోయా, చిల్లీ సాస్, వెనిగర్. సరంజామా ఇంతే. మన వంటవాళ్లు దానికి గరం మసాలా, కారం, కొత్తిమీర కలిపారు. పక్కన ఉల్లిపాయ, నిమ్మచెక్క పెట్టారు. ఎగ్ రైస్‌ను ఇలా తినే అలవాటు చైనాలో దొరకదు. హైదరాబాద్ హోటళ్లు కార్న్‌ఫ్లోర్ పూతను పట్టుకుని అపోలో ఫిష్, చికెన్ మెజెస్టిక్ లాంటివి తయారుచేశాయి. బిర్యానీ హోటల్ మెనూలో చైనీస్ పేజీ లేకపోతే ఇప్పుడు గిరాకీయే సరిగ్గా సాగదు.

ఈ బండి ఎవరి కడుపు నింపుతోందో చూడాలంటే హైదరాబాద్ శివారు శంషాబాద్ వెళ్లాలి. అది పైగా వంశపు అమీర్ల బిరుదు షంస్-ఉల్-ఉమ్రా పేరు మీద వెలిసిన పాత ఊరు. బెంగళూరు రహదారి మీద లారీలు ఆగే చోటు, ధాబాల రొట్టె, దాల్ ఫ్రై దొరికే చోటు. 2005 మార్చిలో ఇక్కడ విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. దాదాపు 5,500 ఎకరాలు అందులోకి పోయాయి. 2008 మార్చి 23న విమానాలు బేగంపేట వదిలి ఇక్కడ దిగాయి. అదే ఏడాది గచ్చిబౌలి వైపు ఔటర్ రింగ్ రోడ్డు, మరుసటి ఏడాది మెహదీపట్నం నుంచి పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే తెరుచుకున్నాయి. ఏటా కోటీ 20 లక్షల ప్రయాణికుల కోసం కట్టిన టెర్మినల్‌ను తర్వాత 3 కోట్ల 40 లక్షల సామర్థ్యానికి పెంచారు.

ఇంతమందిని ఎగరేయడానికి నేల మీద ఎంతమంది మేలుకుని ఉండాలో తలుచుకోండి. సామాన్లు ఎత్తేవాళ్లు, కార్గో గోదాముల కూలీలు, సెక్యూరిటీ గార్డులు, క్యాబ్ డ్రైవర్లు, హాస్టళ్లలో ఉండే గ్రౌండ్ స్టాఫ్ అమ్మాయిలు, హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు. వీళ్ల షిఫ్టులు ఇంటి భోజనం వేళలకు కుదరవు. టెర్మినల్ లోపల ఒక ప్లేటు ధర వీళ్ల కూలిలో పెద్ద ముక్కను తినేస్తుంది. అందుకే రాళ్లగూడ వైపు, బస్టాండు చుట్టూ, సాతంరాయి నుంచి గగన్‌పహాడ్ దాకా రోడ్డు వెంట చిన్నచిన్న చైనీస్ సెంటర్లు అవసరమయ్యాయి. ఆర్డరిచ్చిన కొద్ది నిమిషాల్లో వేడివేడిగా, కడుపు నిండా, కళ్లముందే వండి ఇచ్చే తిండి మరొకటి ఉందా? ఇడ్లీకి పిండి రుబ్బి పులియబెట్టాలి. బిర్యానీకి దమ్ము పట్టాలి. ఫ్రైడ్ రైస్‌కు మంట చాలు.

ఈ ప్రాంతానికి మరో గిరాకీ ఉంది. అది చూస్తే మనసు కలుక్కుమంటుంది. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు పోయే కొడుకును సాగనంపడానికి ఇంటిల్లిపాదీ ఒకే బండిలో వస్తారు. విమానం అర్ధరాత్రో, తెల్లవారుజామునో. విడిపోయే ముందు అందరూ కలిసి తినే చివరి తిండి చాలాసార్లు రోడ్డుపక్క స్టీలు ప్లేటులోని చికెన్ రైసే. తల్లి తన ప్లేటులోని ముక్కలు కొడుకు ప్లేటులోకి తోస్తుంది. బంగారు డ్రాగన్లు చెక్కిన ఏ రెస్టారెంట్‌కూ ఇంత బరువైన పంక్తి దక్కలేదు.

కడాయి ముందు నిలబడేది ఎవరు? నేపాల్, డార్జిలింగ్, అస్సాం, ఒడిశా, బెంగాల్ కుర్రవాళ్లు, పాలమూరు నుంచి వచ్చినవాళ్లు. మోమోలు మన వీధుల్లోకి వచ్చింది హిమాలయాల వాళ్ల చేతులతోనే. చైనా వాళ్లు మొదలుపెట్టిన వంటను చైనా వాళ్లు లేకుండానే వలస కూలీలు నడుపుతున్నారు.

జపాన్ భోజనం మాత్రం ఈ ఊరి వీధిలోకి రాలేదు. ఔటర్ రింగ్ రోడ్డులో కొన్ని భాగాలు జపాన్ సంస్థ జైకా అప్పుతో కట్టినవే, అయినా సుషీ స్టార్ హోటళ్లలోనూ జూబ్లీహిల్స్ వైపే ఆగిపోయింది. కారణం తేలికే. పచ్చిచేపకు తాజాదనం, మంచుగడ్డల సరఫరా కావాలి. జిగురు బియ్యం కావాలి. చైనీస్ వంట మన సోనా మసూరితో సర్దుకుంది.

కానీ జపాన్ నుంచి మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. రామెన్ అనే నూడుల్స్ వంటకం అక్కడ పుట్టింది కాదు. చైనా వలసదారుల నూడుల్స్ నుంచి వచ్చింది. 1910లో టోక్యో అసాకుసాలో రైరైకెన్ అనే చిన్న హోటల్ చైనా వంటవాళ్లతో దాన్ని జనంలోకి తెచ్చింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత మంచూరియా నుంచి తిరిగొచ్చినవాళ్లు గ్యోజా కుడుములను ఇంటింటికీ చేర్చారు. పేటకొకటి ఉండే ఆ చిన్న చైనా హోటళ్లను జపాన్ వాళ్లు ప్రేమగా కాపాడుకుంటారు. 1994లో యొకొహామాలో రామెన్‌కు మ్యూజియమే కట్టారు. మనం కూడా అలాగే పరాయి వంటను సొంతం చేసుకున్నాం. అయినా 'ఇది అసలు చైనీస్ కాదు' అని చిన్నచూపు చూస్తాం. నా దృష్టిలో ఇది తెలుగువాళ్ల వంట. గోంగూర మటన్‌తో పాటు దీని చరిత్రనూ రాసుకోవాలి.

ప్రేమ ఉంటే తప్పులూ చెప్పాలి. టేస్టింగ్ సాల్ట్ మీద భయం 1968లో ఒక అమెరికా వైద్యపత్రికకు వచ్చిన ఉత్తరంతో మొదలైంది. మితంగా వాడితే చాలామందికి హాని లేదనే తర్వాతి పరిశోధనలు చెప్పాయి. అసలు ప్రమాదం రోజులతరబడి కాగిన నూనెలో, ఎర్ర రంగుల్లో ఉంది. 2024 మార్చిలో కర్ణాటక గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులను నిషేధించింది. అదే ఏడాది అక్టోబరులో హైదరాబాద్‌లో మోమోలు తిన్న ఒక మహిళ చనిపోగా, మోమోల్లో నంచుకునే, పచ్చి గుడ్లతో చేసే మయొనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది.

నిషేధంతో పాటు నీళ్లూ నేర్పూ ఇవ్వాలి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో విక్రయ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం వ్యాపారులే ఉండాలి. విమానాశ్రయం రోడ్లలో బండ్లను తరిమే ముందు స్థానిక పాలకులు ఆ కమిటీని కూర్చోబెట్టి, వాళ్లకు చోటు, కుళాయి, చెత్త తీసే ఏర్పాటు, ఆహార భద్రత శిక్షణ ఇవ్వాలి. పాఠకులూ ఒక పని చేయండి. ఈసారి ఎవరినైనా విమానం ఎక్కించడానికి వెళ్తే శంషాబాద్ ఊళ్లో ఆగి, రంగు వేయకుండా వండమని చెప్పి తినండి. వండినవాడి ఊరేదో అడగండి.