తెర వెలుగు ఎవరి అదుపులో ఉన్నది?

నెల్లూరు జిల్లా తోటపల్లి గూడూరు మండలములో కోడూరు సముద్రతీరము కలదు. మిట్టమధ్యాహ్నము అక్కడి ఇసుకపై పడు ఎండ సుమారు 1,00,000 లక్సులు ఉండును. రాత్రివేళ అదే మండలములోని ఒక ఇంటి గదిలో దీపపు కాంతి సాధారణముగా 100 లక్సులకు అటునిటుగా ఉండును. మామూలు లాప్‌టాప్ తెర గరిష్ఠముగా ఇచ్చు వెలుగు చదరపు మీటరుకు 250 లేక 300 క్యాండెలాలు మాత్రమే. ఎండలో ఆ వెలుగు చాలదు. చీకటి గదిలో అదియే కన్నులను పొడుచును. పైగా చిన్నచిన్న పనులు చేయునపుడు బ్యాటరీలోని విద్యుత్తులో పెద్ద భాగము తెర వెనుక దీపమే తినివేయును. కావున లాంతరు వత్తిని హెచ్చించి తగ్గించినట్లు తెర వెలుగును సవరించుట తప్పనిసరి. వత్తిని త్రిప్పు మర ఒక్కటే ఉండును. లాప్‌టాప్‌లో మాత్రము ఆ మరను త్రిప్పు అధికారము ఎవరిదో తేలుటకు పాతికేండ్లకు పైగా పట్టినది.

తొలి రోజులలో ఈ చిక్కు లేదు. 1985లో వచ్చిన తోషిబా టి 1100, 1986 నాటి ఐ.బి.ఎమ్. పి.సి. కన్వర్టిబుల్ తెరల వెనుక దీపమే లేదు. బయటి వెలుగును ప్రతిఫలింపజేసి అవి అక్షరములను చూపెడివి. తరువాత తెర వెనుక సన్నని ఫ్లోరసెంటు గొట్టము చేరినది. దానిని వెలిగించుటకు వందల వోల్టులు కావలెను. ఆ పని ఇన్వర్టరు అను చిన్న పలక చేసెడిది. వెలుగు తగ్గింపునకు కొన్ని యంత్రములలో జరుపుడు మీట ఉండెడిది; మరికొన్నిటిలో కీబోర్డుపై రెండు మీటలను కలిపి నొక్కవలెను. ఏది నొక్కినను ఆ సంగతి ఆపరేటింగ్ సిస్టమ్‌నకు తెలియదు. యంత్రములో పుట్టుకతో ఉన్న ఫర్మ్‌వేరే అంతయు చక్కబెట్టెడిది.

ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు కలిసి 1996 డిసెంబరులో ఎ.సి.పి.ఐ. అను ఒడంబడికను ప్రకటించినవి. విద్యుత్తు పొదుపు నిర్ణయములు ఇకమీదట ఆపరేటింగ్ సిస్టమ్ చేయవలెననుట దాని సారాంశము. తరువాతి కూర్పులలో తెర వెలుగునకు కూడ పద్ధతులు చేరినవి. బి.సి.ఎల్. అను పద్ధతిని పిలిచినచో ఫర్మ్‌వేర్ ఒక పట్టిక ఇచ్చును. అందులో మొదటి అంకె కరెంటు ఉన్నపుడు ఉండవలసిన వెలుగు, రెండవది బ్యాటరీపై ఉండవలసినది, తక్కినవి ఆ యంత్రము ఒప్పుకొను మెట్లు. బి.సి.ఎమ్. అను మరియొక పద్ధతి కోరిన మెట్టును అమలు జరుపును. ఈ రెంటితో మాటలాడునదే డ్రైవర్. డ్రైవర్ అనగా పరికరము భాషను, ఆపరేటింగ్ సిస్టమ్ భాషను రెంటినీ ఎరిగిన దుబాసి అనుకొనవచ్చును.

కాగితముపై ఇది ముచ్చటగానే ఉన్నది. కాని కొన్ని కంపెనీలు పట్టికను తలక్రిందులుగా వ్రాసినవి. లినక్సు డ్రైవర్‌లో అట్టి తిరగబడిన పట్టికలను గుర్తించుటకు ప్రత్యేకముగ ఏర్పాటు చేయవలసివచ్చెను.

ఇంతలో దీపము కూడ మారినది. ఫ్లోరసెంటు గొట్టము పోయి ఎల్.ఇ.డి.లు వచ్చినవి, ఆపిల్ సంస్థ 2007లో 15 అంగుళముల మాక్‌బుక్ ప్రోలో వాటిని అమర్చినది. ఎల్.ఇ.డి.ని మందగింపజేయుటకు సులువైన ఉపాయము కలదు. సెకనుకు వందల సార్లు దానిని వెలిగించి ఆర్పుదురు. వెలిగియుండు కాలము నాలుగవ వంతైనచో కంటికి అందు కాంతియు నాలుగవ వంతే. ఈ లెక్కను చూచు రిజిస్టరు గ్రాఫిక్సు చిప్పులోనే ఉండుటచే, ఆ చిప్పు డ్రైవర్ ఫర్మ్‌వేర్‌ను అడుగకయే వెలుగును మార్చగలదు. కొన్ని కంపెనీల లాప్‌టాప్‌లకు వారి సొంత మార్గము మూడవది. ఒక దీపమునకు మూడు స్విచ్చులు ఏర్పడినవి!

ఇందువలన కలిగిన అసలు కష్టము 2012లో బయటపడినది. ఆ అక్టోబరులో వచ్చిన విండోస్ 8తో వెలుగు బాధ్యత ఎక్కువగ గ్రాఫిక్సు డ్రైవర్‌నకు మారెను. కొత్త లాప్‌టాప్‌ల ఫర్మ్‌వేర్, తనను నడుపుచున్నది విండోస్ 8 ఔనా అని అడుగును. తక్కిన సదుపాయములు దక్కవలెనని లినక్సు కూడ ఔననియే చెప్పెడిది. అయితే విండోస్ వాడుట మానిన పాత పద్ధతిని పలువురు తయారీదారులు సరిగా పరీక్షింపలేదు. ఫలితము విచిత్రము. మీట నొక్కినచో తెరపై గీత పెరిగి తరుగును, వెలుగు మాత్రము చలింపదు. సొంత డబ్బుతో యంత్రము కొన్నవాడు ఇందులో చేసిన నేరమేమి? పెట్టెను పూర్తి వెలుగుతో నడుపుచు బ్యాటరీ హరించుటను చూచుచుండవలసినదే. 2014 నాటికి అట్టి యంత్రములలో గ్రాఫిక్సు డ్రైవర్‌నకే పెద్దరికమిచ్చి లినక్సు చాలవరకు దీనిని సవరించుకొన్నది. ఒక తెరకు ఒకే స్విచ్చు కనబడునట్లు హాన్స్ డి గోడే అను ప్రోగ్రామరు చేసిన మార్పులు 2022 డిసెంబరులో వెలువడిన 6.1 కూర్పులో చేరినవి.

అదే నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి విద్యార్థులకు టాబ్లెట్లు పంచిరి. వాటిలోని ఆండ్రాయిడ్‌నకు పునాది లినక్సే. ఇక్కడ మరియొక ముచ్చట. మన కన్ను వెలుగులోని తేడాను కాక నిష్పత్తిని గుర్తించునని వేబర్, ఫెక్నర్ అను జర్మను శాస్త్రజ్ఞులు 19వ శతాబ్దిలోనే చెప్పిరి. రెండు క్యాండెలాలు నాలుగగుట, నూరు ఇన్నూరగుట మనకు ఇంచుమించు ఒకే అంగగా తోచును. 2018 నాటి 9వ కూర్పు నుండి ఆండ్రాయిడ్‌లో వెలుగు గీత ఈ సూత్రముననుసరించియే జరుగుచున్నది.

సున్న సంగతి ఇంకను తెగలేదు. డ్రైవర్‌నకు సున్న అని చెప్పినచో కొన్ని యంత్రములలో తెర మినుకుమినుకుమనుచు మిగులును, మరికొన్నిటిలో పూర్తిగా ఆరిపోవును. ఆరిన తెరపై, దానిని తిరిగి వెలిగించు గీత ఎక్కడున్నదో కనబడునా? అందుకే లినక్సులో నిన్నటి వెలుగును గుర్తుంచుకొని మరల నెలకొల్పు సిస్టమ్‌డి సేవ, యంత్రము మొదలగునపుడు గరిష్ఠములో నూటికి 5 వంతులకు తగ్గకుండ చూచుకొనును. ఓలెడ్ తెరలు వచ్చిన పిమ్మట వెనుక దీపమే లేదు. ప్రతి చుక్కయు తానే వెలుగును. అయినను డ్రైవర్ పని పోలేదు. ఇప్పుడు తెరలోని చిప్పునకే అంకెలు పంపుచున్నది.