నదిలో పారిన సారా చెప్పిన సాక్ష్యం

1901 ఆగస్టు 11న ఫ్రాన్స్‌లోని పొంతార్లియేలో పెర్నో వారి మద్యం ఫ్యాక్టరీ మీద పిడుగు పడింది. పీపాలు పేలితే ఊరికే ముప్పని, లక్షల లీటర్ల ఆబ్సింత్ అనే సారాను దూ నదిలోకి వదిలేశారు. రెండు రోజులకు, అక్కడికి 15 కిలోమీటర్ల దూరాన లూ నది పుట్టే ఊట దగ్గర ఆంద్రే బెర్తెలో అనే పెద్దమనిషి ముక్కుకు గుప్పున సారా వాసన! దూ నీళ్లే నేల కింద నుంచి అక్కడికి వస్తున్నాయన్న గుట్టు అలా రట్టయింది. 1910లో గుహల పరిశోధకుడు మార్తెల్ రంగు కలిపి మరీ దాన్ని ఖాయం చేశాడు.

ఇది పిడుగు పుణ్యం. కావాలని నీళ్లను వెంటాడిన వాళ్లలో నాకు అందరికంటే ఇష్టుడు స్విట్జర్లాండ్ డాక్టరు హ్యాగ్లర్. 1872 ఆగస్టులో లౌజెన్ అనే పల్లెలో టైఫాయిడ్ ఊళ్లో ఆరోవంతు మందిని మంచాన పడేసింది. సొంత బావులున్న ఇళ్లు మాత్రం చెక్కుచెదరలేదు. పడకేసిన వాళ్లంతా ఊరుమ్మడి ఊట నీళ్లు తాగినవాళ్లే. కొండకు అవతలి లోయలో అంతకుముందే ఒక రైతుకు టైఫాయిడ్ వచ్చింది. ఆ ఇంటి మురుగు పక్కనున్న వాగులో కలిసేది. వాగుకీ ఊటకీ మధ్య అంత కొండ ఉంటే ఎవరు నమ్ముతారు? డాక్టరు వాగునీళ్లు ఇంకే చోట బస్తాల కొద్దీ ఉప్పు పోయించాడు. ఊట నీళ్లు ఉప్పగా మారాయి. ఆయన అంతటితో ఆగలేదు, పిండి కూడా కలిపి చూశాడు. పిండి రాలేదు. నేల పిండిని వడకట్టగలిగింది గానీ రోగాన్ని ఆపలేకపోయింది. టైఫాయిడ్ క్రిమిని ఎబెర్త్ సూక్ష్మదర్శినిలో చూడడానికి ఇంకా ఎనిమిదేళ్లుందప్పటికి!

1877లో జర్మనీలో, నేలలోకి ఇంకిపోయే డాన్యూబ్ నీళ్లు ఎక్కడ తేలుతున్నాయన్న తగాదా తేల్చడానికి క్నోప్ అనే ఆచార్యుడు ఆ నీళ్లలో 10 కిలోల ఫ్లోరెసీన్ రంగు కలిపాడు. సుమారు 60 గంటల తర్వాత 12 కిలోమీటర్ల అవతల ఆఖ్ ఊట పచ్చగా మెరిసింది. ఉప్పును నాలుకతో, సారాను ముక్కుతో, రంగును కంటితో ఎవరైనా పసిగట్టొచ్చు. సాక్ష్యం ఊరందరిదీ.

తర్వాతి వందేళ్లలో పరికరాలు పదునెక్కాయి, సాక్ష్యం ల్యాబుల్లోకి వెళ్లిపోయింది. డైట్ సోడాల్లో వేసే ఎసిసల్ఫేమ్ తీపిని మన ఒళ్లు అరిగించుకోదు, వచ్చినది వచ్చినట్టే మూత్రంలో బయటికి పంపేస్తుంది. 2009 నాటికి మురుగుశుద్ధి కేంద్రాలూ దాన్ని చాలావరకు వదిలేసేవి. అందుకే భూగర్భజలంలో అది కనిపిస్తే, ఎక్కడో మన మురుగు కలిసిందనే లెక్క. స్విస్ శాస్త్రవేత్తలు 2009లో ఈ సంగతి బయటపెట్టారు.

ఒక్కోసారి విషమే ఆనవాలవుతుంది. 2007లో స్వీడన్ పరిశోధకుడు లార్సన్ బృందం పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లు పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఇసుకవాగు, నక్కవాగు, మంజీర, గోదావరి: అప్పట్లో ఆ నీళ్ల దారి అది. అలాంటి నీళ్లలో మందుకు లొంగని బ్యాక్టీరియాయే బతికి బట్టకడుతుంది. వాగు ఒడ్డున గేదెలు కడిగే రైతుకు ఆ మందు రుచీ తెలియదు, రంగూ కనబడదు. కనుక వాగునీళ్లు పరీక్షించిన ప్రతిసారీ ఆ ఫలితాలను తెలుగులో, పెద్ద అక్షరాల్లో పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి.