తిరుమలగిరిలో రెండు కొండలు
సికింద్రాబాద్‌ తిరుమలగిరిని పిల్లలు ‘ట్రిముల్‌ఘెరీ’ అంటుంటే మనసు చివుక్కుమంటుంది. కంటోన్మెంటు దొరల స్పెల్లింగు నోటికెక్కి, పేరులోని కొండ మరుగున పడింది. ఒకటి కాదు, అందులో రెండు కొండలున్నాయి. ‘తిరు’ అంటే శ్రీ. ‘మల’ ద్రావిడ మాట, తమిళ మలైకి తోబుట్టువు, నల్లమలలో ఇంకా బతికే ఉంది. తిరుమల అంటేనే పవిత్రమైన కొండ. దానికి సంస్కృత ‘గిరి’ తోడైంది. చిన్న కొండయితే మనకు గుట్ట. ఇక ‘మెట్ట’ ఎత్తయిన నేలకూ, వాన మీదే ఆధారపడే పొలానికీ ఒకే మాట. ఐర్లండు పల్లెల్లో ‘ష్లీవ్‌’ కూడా అంతే, కొండనూ చిత్తడి బీడునూ అదే చెబుతుంది. ఆంగ్లేయుల పటాల్లో అది ‘స్లీవ్‌’గా మారింది. బస్సెక్కినప్పుడు కండక్టరును తిరుమలగిరి టికెట్టే అడగండి.