చైనా కాలరూ, చిన్నమ్మ ట్రంకుపెట్టె

పోయిన దసరాకి రాయపోల్ వెళ్ళినప్పుడు మా చిన్నమ్మ ట్రంకుపెట్టె అడుగునుంచి ఒక శాటిన్ జాకెట్ బయటికి తీసింది. జాకెట్టంటే రవిక కాదు, నడుం దాకా వచ్చే కోటు. నెమలికంఠం రంగు, మెడ చుట్టూ నిలబడ్డ కాలర్, గుడ్డను తాడులా మెలేసి ముడేసిన గుండీలు, ఛాతీ మీద దారంతో కుట్టిన పూలకొమ్మ. 1978లో దుబాయి పోయిన మా కాక మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు తెచ్చాడట. నలభై ఏళ్ళు దాటినా కొత్తదానిలా ఉంది. ఎందుకుండదు, ఒక్కసారి కూడా తొడుక్కోలేదు.

"యాడ తొడుక్కోవాలె బిడ్డా దీన్ని? బీడీలు చుట్టేకాడనా?" అంది చిన్నమ్మ.

మా చెల్లెకి మాత్రం అది తెగ నచ్చేసింది. ఫ్రెండు పెళ్ళి రిసెప్షన్‌కి వేసుకుంటానంది. భుజాలు కాస్త వెడల్పు, తగ్గించాలి. నేను వద్దన్నాను. పాత వస్తువుని పాతగానే ఉంచాలనే పిచ్చి నాకు కొంచెం ఎక్కువ. ఎందుకు వద్దో చెప్పడానికి ఆ జాకెట్ గురించి చదవడం మొదలుపెట్టాను. పాత కోడ్ చదివే అలవాటున్నవాణ్ణి కదా, ముందు లేబుల్ చూశాను. 'మేడ్ ఇన్ హాంగ్‌కాంగ్'.

అంటే మా ఇంట్లో అందరూ 'చైనా కోటు' అంటున్నది అప్పటి బ్రిటిష్ వలసలో కుట్టింది. 1949 తర్వాత షాంఘై మిల్లు యజమానులూ, దర్జీలూ చాలామంది హాంగ్‌కాంగ్ చేరారు. 1950 చివర్లో అమెరికా చైనా సరుకుని నిషేధించింది, 1971 దాకా ఎత్తెయ్యలేదు. చైనా బట్టలంటే మోజున్న పడమటివాళ్ళకి ఆ కాలంలో హాంగ్‌కాంగే పెద్ద దుకాణం.

లేబుల్ కన్నా ఎక్కువ చెప్పింది భుజం. పాత చైనా అంగీకి భుజం మీద కుట్టు ఉండదు. ముందూ వెనకా ఒకే గుడ్డ, చెయ్యి ఒంట్లోంచే సాగుతుంది. నేల మీద పరిస్తే చాపలా పరుచుకుంటుంది. ఈ జాకెట్ అలా పరుచుకోదు. భుజానికి కుట్టుంది, చేతులు విడిగా కత్తిరించి గుండ్రంగా అతికారు, ఛాతీ దగ్గర మడత కుట్లున్నాయి. ఇది పడమటి దర్జీ పద్ధతి. పూలకొమ్మ, గుండీలు తూర్పు. లోపలి ఎముకలు పడమర. 'ఈస్ట్ మీట్స్ వెస్ట్' అని బ్లాగుల్లో రాసేదంతా బొమ్మ గురించి. అసలు కలయిక జరిగింది ఆ భుజం కుట్టు దగ్గర.

గుడ్డ కథ ఇంకా పాతది. శాటిన్ నేతలో పడుగు దారం నాలుగో అంతకన్నా ఎక్కువో పేక దారాల మీదుగా దాటి ఒక్కదాని కిందికి దిగుతుంది. దారం అంతసేపు పైనే తేలడం వల్ల ఆ మెరుపు. శాటిన్ అన్న మాట 'జైతూన్' నుంచి వచ్చిందని ఎక్కువమంది నిఘంటుకారులు అంటారు. చైనాలోని క్వాంఝౌ రేవుకి అరబ్బులు పెట్టిన పేరది. అదే ఊళ్ళో 1281 నాటి తమిళ శాసనం, శివాలయపు రాళ్ళు దొరికాయి. మనవైపు వర్తకులకీ చైనా పట్టు కొత్త కాదు. శ్రీనాథుడు 'హరవిలాసం' అంకితమిచ్చిన అవచి తిప్పయ్య సెట్టి తెప్పించిన సరుకుల్లో సింహళం ఏనుగులూ, హోర్ముజ్ గుర్రాలతో పాటు చీనాంబరాలూ ఉన్నాయి. అవి చేరింది కొండవీటి కుమారగిరి రెడ్డి కొలువుకి.

ఇక కాలర్. మన దర్జీలు 'చైనా కాలర్' అనేదాన్ని ఇంగ్లీషువాళ్ళు మాండరిన్ కాలర్ అన్నారు. చింగ్ రాజుల అధికారుల్ని మాండరిన్‌లు అనేవాళ్ళు కాబట్టి. ఆ మాట చైనాది కాదు. పోర్చుగీసువాళ్ళు మలయ్ 'మెంతెరి' నుంచి తీసుకున్నారు. మెంతెరి ఎక్కణ్ణుంచి? మన 'మంత్రి' నుంచే! ఇది చదివి కుర్చీలోంచి లేచి చెల్లెకి ఫోన్ చేశాను. "సరే, భుజం సంగతి చెప్పు" అంది.

ఇలాంటి కలయిక హైదరాబాద్‌లోనూ జరిగింది. తాళ్ళతో కట్టుకునే అంగరఖా, అచ్కన్‌ల మీద ఫ్రాక్ కోటు ప్రభావం పడి 19వ శతాబ్దంలో షేర్వానీ తయారైంది. నిలువు మెడ, వరుస గుండీలు, కొలతకి కోసిన భుజం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల కోసం కట్టించిన పొడవాటి అల్మారా పురానీ హవేలీలో ఇప్పటికీ చూడొచ్చు. అక్కడ నిలబడ్డప్పుడు నాకు మా తాత గుర్తొచ్చాడు. ఆయన భుజమ్మీద ఉండేది గొంగడి. దానికి కొలతా లేదు, మెడా లేదు. షేర్వానీని ఆయన ఎప్పుడూ ఇంకొకరి ఒంటి మీదే చూశాడు, అదీ చేతులు కట్టుకుని.

తిప్పయ్య సెట్టి ఓడ నుంచి నిజాం అల్మారా దాకా, నేను చదివిందంతా కొనగలిగినవాళ్ళ చరిత్ర. మా కాక దాన్ని కొన్నది ఎండలో ఇటుకలు మోసిన జీతంతో. మా ఇంట్లో భుజానికి కొలత చూసి కుట్టిన మొదటి శాటిన్ బట్ట అదే. మరి ఎవరి భుజాల కొలత? ఎవరో పడమటి దేశపు మనిషివి. చిన్నమ్మవి కావు.

ఇదంతా చెప్పి, దీన్ని కదిలించొద్దని గట్టిగా వాదించాను. చిన్నమ్మ ఓపిగ్గా వింది.

"మీ కాక దాన్ని తొడుక్కొమ్మని తెచ్చిండు బిడ్డా, దాసిపెట్టమని కాదు. నేనే సిగ్గుపడితి. తగ్గించుండ్రి."

గజ్వేల్‌లో దర్జీ జాకెట్‌ని తిప్పి తిప్పి చూసి, శాటిన్ మీద పాత సూది రంధ్రాలు పోవన్నా అని ముందే చెప్పాడు. విప్పిన కుట్టు గీతలా కనబడుతుందన్నాడు. కనబడనీ అంది చెల్లె. ఇప్పుడు ఆ భుజం మీద రెండు గీతలున్నాయి. ఒకటి హాంగ్‌కాంగ్‌ది, ఒకటి గజ్వేల్‌ది.