కాన్సరు చికిత్స: గడువు ఎప్పటినుండి?

కాన్సరు రోగి ఎన్నాళ్లు వేచియుండవచ్చును? దీనికి ప్రభుత్వమే హద్దు పెట్టవలెనని ఇంగ్లండు తలచింది. వైద్యుడు అనుమానించి పంపిననాటి నుండి 2 వారాలలో నిపుణుడు చూడవలెను. 2005 నాటికి 62 రోజులలో చికిత్స ఆరంభం కావలెనని 2000లో ప్రణాళిక వేసింది. కాని నిపుణుడు చూచినంతమాత్రాన వ్యాధి తేలదు. కాబట్టి 2023లో మొదటి గడువును తొలగించి, కాన్సరు ఉన్నదీ లేనిదీ 28 రోజులలో తేల్చవలెనన్నారు.

మన హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరిట కాన్సరు ఆసుపత్రి 1955లో వెలసింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదల ఖర్చు తగ్గించింది. అయినా పినపాక అడవిపల్లెకు ఆ నగరం సుమారు 300 కిలోమీటర్ల దూరం. రోగి వైద్యుని చేరేవరకు గడచే దినాలు ఇంగ్లండు గడువులలో సైతం చేరవు. తొలి లక్షణం కనబడిననాటి నుండి లెక్కించినప్పుడే అసలు నిరీక్షణ తెలుస్తుంది.